పుర్రె గడ్డల గుట్టు విప్పిన డాక్టర్ హార్వే కుషింగ్

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో ఒక ప్రముఖుని జీవితం వేయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, సావిత్రీబాయి గారి గురించి రాసుకున్నాం. ఇక ముందు కూడా రాసుకుంటాం. ఈసారి మాత్రం బైపీసీ విద్యార్థులు పట్టుబట్టి, ఒక డాక్టరు జీవితం కావాలని అడిగారు. డాక్టర్లలో ఎవరి గురించి రాయాలా అని సంపాదకవర్గంలో చాలాసేపు చర్చ జరిగింది. చివరికి మేము ఎంచుకున్న పేరు హార్వే కుషింగ్. అమెరికా దేశస్థుడు. మెదడుకు ఆపరేషన్ చేయడం అంటే రోగిని చంపడమే అని అందరూ అనుకునే రోజుల్లో, దాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టిన వ్యక్తి.

ఆయన పేదింట పుట్టలేదు, మనలాంటి హాస్టల్లో చదవలేదు. అలాంటప్పుడు మనకెందుకు అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేము ఆయనను ఎంచుకున్నది ఆయన పుట్టుక చూసి కాదు, ఆయన చేసిన పని చూసి. ముఖ్యంగా ఒక విషయం ఉంది. మన ఊళ్లలో ఎవరికైనా నుదుటి మీదో, నడినెత్తి మీదో ఎముకలాగా గట్టిగా గడ్డ లేస్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. నొప్పి లేదు కదా, వదిలేయండి అనేవారు కొందరు. క్యాన్సరు, ఇక లాభం లేదు అనేవారు మరికొందరు. ఈ రెండు మాటలకూ మధ్య అసలు నిజం ఎక్కడ ఉందో ఓపికగా వెతికినవారిలో కుషింగ్ ముఖ్యుడు.

ముందుగా ఆ గడ్డల గురించి నాలుగు మాటలు చెప్పుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది. పుర్రె ఎముకలో పుట్టే కణితులన్నీ క్యాన్సర్లు కావు. ఎముకే ఎక్కువగా పెరిగి ముద్ద కట్టే కణితి ఒకటి ఉంది. దాన్ని ఆస్టియోమా అంటారు. ఏనుగు దంతంలాగా గట్టిగా, నున్నగా ఉంటుంది. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. క్యాన్సరులాగా రక్తంలో కలిసి ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు. నడినెత్తి మీద పైవైపుకు పెరిగితే చూడటానికి బాగుండదు, అంతే. అదే కణితి కనుబొమల వెనుక ఉండే గాలి గదుల్లో పెరిగితే కథ వేరు. అక్కడ పక్కనే కన్ను ఉంది, పైన మెదడు ఉంది. కణితి పెరిగే కొద్దీ కనుగుడ్డు ముందుకు తోసుకొస్తుంది. ముక్కుకు సంబంధించిన దారులు మూసుకుపోయి చీము చేరుతుంది. ఎముక పలచబడి, మెదడును కప్పి ఉండే పొర చిరిగితే ఆ చీము మెదడు దాకా పోతుంది. కణితి మంచిదే కావచ్చు, అది కూర్చున్న చోటు మాత్రం మంచిది కాదు.

రెండో రకం ఇంకా మోసకారిది. పైకి కనిపించేది ఎముక గడ్డే. కానీ దాని వేరు లోపల, మెదడు పైపొరలో ఉంటుంది. ఆ పొరలో పుట్టిన కణితి పై ఎముకను కూడా ఆక్రమించి దాన్ని దళసరిగా పెంచుతుంది. పైన ఎముక చెక్కేసి కుట్లు వేసి పంపితే కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. ఈ లోపలి కణితికి మెనింజియోమా అని 1922లో పేరు పెట్టింది కుషింగే. ఈనాటికీ ప్రపంచమంతా డాక్టర్లు వాడేది ఆ పేరే.

ఇక ఆయన జీవితంలోకి వద్దాం.

హార్వే కుషింగ్ 1869 ఏప్రిల్ 8న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరంలో పుట్టాడు. పదిమంది సంతానంలో చివరివాడు. తండ్రి, తాత, ముత్తాత అందరూ డాక్టర్లే. యేల్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతూ బేస్‌బాల్ బాగా ఆడేవాడు. 1891లో డిగ్రీ ముగించి హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరాడు. ఇంతవరకు చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. ఇంట్లో డబ్బుంది, దారి వేసి ఉంది, నడిచాడు.

1893లో జరిగిన ఒక సంఘటన ఆయనను మార్చింది. ఆ రోజుల్లో ఆపరేషన్‌కు ముందు మత్తు ఇవ్వడానికి ప్రత్యేక డాక్టర్లు ఉండేవారు కారు. వైద్య విద్యార్థులను పిలిచి, ఈథర్ పోసిన గుడ్డను రోగి ముక్కు దగ్గర పట్టమనేవారు. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో నేర్పేవారూ లేరు. కుషింగ్ అలా మత్తు ఇచ్చిన ఒక రోగి విద్యార్థులందరి ముందే చనిపోయాడు. ఆపరేషన్ చేయవలసిన పెద్ద డాక్టరు, ఇలాంటివి మామూలే, నీ తప్పేమీ లేదు అన్నట్టుగా సర్దిచెప్పాడు. కుషింగ్‌కు మాత్రం మనసు కుదుటపడలేదు. చదువు మానేద్దామా అనుకున్నాడు. మానలేదు.

ఆ తరువాత ఆయన చేసిన పనిని మన విద్యార్థులు బాగా గమనించాలని మా కోరిక. తోటి విద్యార్థి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి ఒక కాగితం తయారుచేశాడు. మత్తులో ఉన్న రోగి నాడి ఎంత కొట్టుకుంటోంది, ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడు అనేది ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ దాని మీద రాస్తూ పోవడమే. దీన్నే ఈథర్ చార్ట్ అన్నారు. ఈ రోజు ఏ ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లినా మత్తు డాక్టరు దగ్గర ఉండే పట్టికకు అమెరికాలో అదే మొదలు. పరికరం లేదు, మందు లేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు, రాయాలనే పట్టుదల. వాటితోనే మత్తు వల్ల వచ్చే చావులు తగ్గడం మొదలైంది.

1895లో డాక్టరు పట్టా పుచ్చుకుని, బోస్టన్‌లో ఒక ఏడాది పనిచేసి, 1896లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చేరాడు. అక్కడ విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు ఆయన గురువు. హాల్‌స్టెడ్ ఆపరేషన్ చేస్తే గంటలు పట్టేది. రక్తం కారకుండా, కండ నలగకుండా, ఒక్కొక్క రక్తనాళాన్ని ముడి వేసుకుంటూ వెళ్లేవాడు. అంతవరకు మంచి సర్జన్ అంటే వేగంగా కోసేవాడని లెక్క. మెల్లగా, శుభ్రంగా చేసేవాడే మంచి సర్జన్ అని హాల్‌స్టెడ్ చూపించాడు. మెదడు ఆపరేషన్‌కు కావలసింది సరిగ్గా అదే. అదే ఆసుపత్రిలో విలియం ఓస్లర్ అనే గొప్ప వైద్య గురువు కుషింగ్‌ను సొంత కొడుకులా చూసుకున్నాడు.

1900లో యూరప్ వెళ్లాడు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో కోఖర్ దగ్గర, ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో షెరింగ్టన్ దగ్గర పనిచేశాడు. పుర్రె లోపల ఒత్తిడి పెరిగితే రక్తపోటు ఎలా పెరుగుతుందో బెర్న్‌లో చేసిన ప్రయోగాల్లో తేల్చాడు. తలకు దెబ్బ తగిలిన రోగికి బీపీ పెరిగి నాడి తగ్గితే డాక్టర్లు ఈనాటికీ ఉలిక్కిపడటానికి కారణం ఆ ప్రయోగాలే. 1901లో ఇటలీలోని పావియా ఆసుపత్రిలో చేతికి గాలి పట్టీ కట్టి రక్తపోటు కొలిచే సాధనాన్ని చూశాడు. ఆ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లి వాడుకలోకి తెచ్చాడు. మన హాస్టల్ హెల్త్ చెకప్‌లో చేతికి చుట్టే పట్టీకి కూడా ఆ ఇటలీ సాధనమే మూలం.

తిరిగి వచ్చాక మెదడు ఆపరేషన్లనే తన పనిగా పెట్టుకున్నాడు. అప్పటి పరిస్థితి గుర్తు చేసుకోవాలి. స్కానింగులు లేవు. యాంటీబయోటిక్ మందులు లేవు. ఎక్స్‌రే అప్పుడప్పుడే వచ్చింది, ఎముక తప్ప దానిలో ఏదీ కనిపించదు. రోగి నడక, చూపు, మాట, ఏ కాలు తిమ్మిరెక్కుతోంది, ఏ చెయ్యి వణుకుతోంది అనేవి చూసి కణితి ఎక్కడుందో ఊహించాలి. పుర్రె తెరిస్తే ఎముక నుంచి, చర్మం నుంచి రక్తం ధారగా కారుతుంది. మెదడు పైకి ఉబికి వస్తుంది. ఆ రోజుల్లో ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్నవారిలో బతికి ఇంటికి వెళ్లినవారు తక్కువ.

కుషింగ్ పేరు దేశమంతా మారుమోగడానికి కారణమైన రోగి ఒకరున్నారు. ఆయన పేరు జనరల్ లియోనార్డ్ వుడ్. విచిత్రం ఏమిటంటే ఆయన కూడా మొదట డాక్టరే, తరువాత సైన్యంలో పెద్ద అధికారి అయ్యాడు. 1898లో క్యూబాలో ఉన్నప్పుడు కుర్చీలోంచి లేస్తూ పైన వేలాడుతున్న దీపాల గుత్తికి నెత్తి కొట్టుకున్నాడు. కొంతకాలానికి నెత్తి మీద బొప్పిలాంటి గడ్డ లేచింది. ఎడమ కాలు తిమ్మిరెక్కడం, వశం తప్పి కొట్టుకోవడం మొదలైంది. దెబ్బ వల్లే కణితి పుట్టిందా అంటే అలా తేల్చి చెప్పడం కష్టం. 1905లో ఒక ఆపరేషన్ చేసి పై ఎముకను కొంత తీశారు కానీ మెదడు పైపొరను తెరవలేదు. గడ్డ పోలేదు, మూర్ఛలు పోలేదు. మేము పైన చెప్పిన మోసకారి రకం ఇదే. కనిపించే ఎముకను తీస్తే చాలదు, వేరు లోపల ఉంది.

1910 ఫిబ్రవరిలో వుడ్ కుషింగ్ దగ్గరకు వచ్చాడు. అమెరికా సైన్యానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్ పదవి ఆయన కోసం సిద్ధంగా ఉంది. ఆపరేషన్ బల్ల మీద ఆయన చనిపోతే కుషింగ్ పేరు కూడా ఆయనతోపాటే పోయేది. ఒకేసారి చేస్తే రోగి తట్టుకోలేడని, కొద్ది రోజుల తేడాతో రెండు దఫాలుగా చేశాడు. మొదటిసారి ఎముక తీసి, రక్తస్రావం ఎక్కువ కాగానే ఆపేసి మూసేశాడు. రెండోసారి తెరిచి, మెదడు పైపొరతో సహా కణితిని తీశాడు. వుడ్ కోలుకుని ఉద్యోగంలో చేరాడు. 1920లో అమెరికా అధ్యక్ష పదవికి తన పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీ పడ్డాడు. తరువాత ఫిలిప్పీన్స్ దీవులకు గవర్నర్ జనరల్‌గా వెళ్లాడు. తల తెరిచిన మనిషి పదిహేడేళ్లు దేశాలు తిరిగాడు.

అదే సమయంలో కుషింగ్ ఆయుధాలను కూడా మెరుగుపరుచుకుంటూ వచ్చాడు. ముడి వేయడానికి వీలుకాని చిన్న రక్తనాళాలను నొక్కి పట్టడానికి 1911లో వెండి క్లిప్పులు వాడటం మొదలుపెట్టాడు. ఎముక నుంచి కారే రక్తాన్ని ఆపడానికి మైనం పూయడం అనే పద్ధతిని ఇంగ్లండులో హార్స్‌లీ అనే డాక్టరు అంతకు ముందే కనిపెట్టాడు. కుషింగ్ దాన్ని కూడా వాడుకున్నాడు. ఎవరి దగ్గర మంచి కనిపించినా నేర్చుకోవడానికి ఆయనకు నామోషీ లేదు.

బోస్టన్‌లో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి 1913లో తెరుచుకున్నప్పటి నుంచి అక్కడ ప్రధాన శస్త్రవైద్యుడిగా పనిచేశాడు. ఈ ఆసుపత్రి గురించి ఒక మాట చెప్పాలనిపిస్తోంది. పీటర్ బెంట్ బ్రిగమ్ డాక్టరు కాదు. హోటల్ నడిపి ఆస్తి సంపాదించిన వ్యక్తి. తాను పోయాక ఆ ప్రాంతంలోని బీద రోగుల కోసం ఆసుపత్రి కట్టమని వీలునామా రాశాడు. ప్రపంచంలోని పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి నేర్చుకున్న చోటు బీదల కోసం కట్టిన చోటే. ధర్మాసుపత్రి అంటే చులకనగా చూసేవారికి ఈ సంగతి తెలియాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో కుషింగ్ ఫ్రాన్సు, బెల్జియం సరిహద్దుల్లో పనిచేశాడు. 1917లో తలకు తూటాలు, బాంబు ముక్కలు తగిలిన సైనికులు గుట్టలుగా వచ్చేవారు. పుర్రెలో దిగిన ఇనుప ముక్కలను అయస్కాంతంతో బయటికి లాగే ప్రయత్నాలు కూడా చేశాడు. మూడు నెలల కాలంలో, మెదడు పొర చిరిగిన గాయాలతో చనిపోయేవారిని నూటికి 54 మంది నుంచి 29 మంది దాకా తగ్గించాడు. ఆ ఆగస్టు నెలాఖరులోనే గురువు ఓస్లర్ ఒక్కగానొక్క కొడుకు రివీర్ గాయపడి వస్తే కాపాడలేకపోయారు. కుషింగ్ పక్కనే ఉన్నాడు. తరువాత ఓస్లర్ జీవిత చరిత్రను రెండు సంపుటాలుగా రాశాడు. దానికి 1926లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆపరేషన్లు చేస్తూ అంత పెద్ద పుస్తకం ఎలా రాశాడో మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1926వ సంవత్సరం ఆయన జీవితంలో మంచిచెడులు కలిసి వచ్చిన ఏడు. జూన్‌లో పెద్దకొడుకు విలియం కారు ప్రమాదంలో చనిపోయాడు. కబురు అందిన ఉదయం కుషింగ్ భార్యకు చెప్పి, ముందే నిర్ణయించిన ఆపరేషన్‌కు వెళ్లి పూర్తిచేశాడు. దీన్ని కర్తవ్యం అనాలా, రాతిగుండె అనాలా అని మా సంపాదకవర్గంలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పుర్రె తెరవడానికి సిద్ధంగా బల్ల మీద ఉన్న రోగి తల్లిదండ్రులను అడిగితే ఒక జవాబు చెబుతారు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న ఆ తల్లిని అడిగితే ఇంకో జవాబు చెబుతుంది.

అదే ఏడాది అక్టోబర్ 1న మరో ముఖ్యమైన ఆపరేషన్ జరిగింది. ఒక రోగికి తలపుర్రె మీద రక్తంతో నిండిన పెద్ద కణితి ఉంది. కొద్ది రోజుల ముందు తీయబోతే రక్తం ఆగక మధ్యలోనే వదిలేశారు. హార్వర్డ్‌లో విలియం బోవీ అనే ఆయన కరెంటుతో కండను కోసే, రక్తాన్ని గడ్డకట్టించే యంత్రం తయారుచేశాడు. బోవీ యంత్రం పట్టుకుని పక్కన నిలబడ్డాడు, కుషింగ్ ఆపరేషన్ చేశాడు. అంతకు ముందు ఆగని రక్తం ఈసారి ఆగింది. ఇక లాభం లేదని వెనక్కి పంపిన పాత రోగులను కూడా కుషింగ్ మళ్లీ పిలిపించి ఆపరేషన్లు చేశాడు. కరెంటుతో కోసే ఆ పద్ధతి ఈ రోజు మన జిల్లా ఆసుపత్రుల్లో కూడా ఉంది. బోవీ మాత్రం దానితో డబ్బు చేసుకోలేదు. కనిపెట్టినవాడి పేరు యంత్రానికి మిగిలింది, సొమ్ము కంపెనీకి పోయింది.

1927లో కుషింగ్ ఒక వ్యాసం ప్రచురించాడు. కంటి గూడు, ముక్కు పైభాగాల ఎముకల్లో పెరిగే ఆస్టియోమాల గురించి, నలుగురు రోగుల అనుభవంతో రాసినది. ఇవి చాలా అరుదు. అంత పెద్ద డాక్టరుకు కూడా మెదడు దాకా చేటు తెచ్చినవి అన్నేళ్లలో నాలుగే దొరికాయంటే అర్థం చేసుకోవచ్చు. అంతకు ముందు ఇలాంటి కణితులను ముఖం వైపు నుంచి, కన్ను పక్క నుంచి పట్టుకుని లాగేవారు. రాయిలాంటి ముద్ద ఊడి వచ్చేటప్పుడు లోపల మెదడు పొర చిరిగితే బయటికి కనిపించదు. ముక్కులోని మురికి ఆ చిరుగు గుండా మెదడుకు చేరుతుంది. యాంటీబయోటిక్ లేని కాలంలో మెదడువాపు వస్తే చావే. ఆపరేషన్ బాగానే అయింది, రోగి వారానికి పోయాడు అనే కేసులు ఇలాగే జరిగేవి.

కుషింగ్ చూపిన దారి ఏమిటంటే, కణితి దగ్గరకు పైనుంచి వెళ్లాలి. నుదుటి దగ్గర పుర్రెను తలుపులాగా తెరిచి, మెదడును దాని పొరతో సహా మెల్లగా పైకి ఎత్తి, కణితి ఎక్కడ పొరకు అంటుకుందో కళ్లతో చూసి తీయాలి. పొరలో చిరుగు ఉంటే రోగి శరీరంలోని మరో చోటి నుంచి తీసిన పలచని పొరతో మాసిక వేసినట్టు మూయాలి. చిన్న గడ్డకు ఇంత పెద్ద ఆపరేషనా అనిపించవచ్చు. కానీ ప్రమాదం ఉన్నది గడ్డలో కాదు, చిరుగులో. ఆ చిరుగును చూడగలిగే దారి అదొక్కటే. ఇప్పుడు సీటీ స్కాన్ ముందే అంతా చూపిస్తుంది. చాలా కణితులను ముక్కులోంచి సన్నని దుర్బిణీ గొట్టంతో తీసేస్తున్నారు. చిన్నవైతే, ఇబ్బంది పెట్టకపోతే ఏమీ చేయకుండా ఏడాదికోసారి స్కాన్ తీసి చూస్తారు. దారులు మారాయి. చిరుగు మిగలకుండా మూయాలనే నియమం మారలేదు.

అదే 1927లో జనరల్ వుడ్ మళ్లీ వచ్చాడు. కణితి తిరిగి పెరిగింది. ఎడమ వైపు కాలు, చెయ్యి సరిగా పనిచేయడం లేదు, చూపు తగ్గుతోంది. ఆగస్టులో కుషింగ్ మళ్లీ పుర్రె తెరిచాడు. గంటల తరబడి శ్రమించి కణితి తీశాడు. ఆపరేషన్ ముగిసిన కొద్ది గంటలకే లోపల రక్తస్రావమై వుడ్ చనిపోయాడు. కుషింగ్ తన చేతుల్లో పోయిన ఈ కేసును దాచిపెట్టలేదు. తరువాత రాసిన పెద్ద గ్రంథంలో ఆ కేసును వివరంగా, ఏమేం జరిగిందో వరుసగా రాశాడు.

మా దృష్టిలో కుషింగ్ అసలు ప్రత్యేకత ఇదే. కత్తి పట్టడంలో ఆయనకు సమానమైనవారు ఆ కాలంలోనే ఒకరిద్దరు ఉన్నారు. కానీ ఒక్కొక్క రోగి గురించి ఆయన రాసి పెట్టినట్టు ఎవరూ రాసి పెట్టలేదు. ఆపరేషన్ ముగించి, అలసట తీరకముందే కూర్చుని తానే బొమ్మ గీసేవాడు. ఆయన మంచి చిత్రకారుడు. రోగులకు ఆపరేషన్‌కు ముందు, తరువాత ఫొటోలు తీయించేవాడు. తీసిన కణితిని సీసాలో భద్రపరిచేవాడు. ఇంటికి వెళ్లిన రోగులు ఏడాదికోసారి తమ ఆరోగ్యం గురించి ఉత్తరం రాయాలి. చనిపోతే పరీక్షకు ఒప్పుకోమని కుటుంబాన్ని అడిగేవాడు. దుఃఖంలో ఉన్నవారిని అలా అడగడం సబబా అని ఈనాటి మనిషి ప్రశ్నించవచ్చు. ఈ విషయంలో ఆయన పట్టుదల కొన్నిసార్లు హద్దు దాటిందనే మా అభిప్రాయం. కానీ పోయిన ప్రతి రోగి వల్ల తరువాతి రోగికి మేలు జరగాలనే ఆయన లెక్కలో దాపరికం లేదు.

ఈ లెక్కలన్నీ కాపాడినది ఒక స్త్రీ. లూయీస్ ఐజెన్‌హార్ట్ 1915లో కుషింగ్ దగ్గర రాతపని సహాయకురాలిగా చేరింది. ఆయన రాతలు సరిచూస్తూ, తానూ వైద్యం చదవాలనుకుంది. టఫ్ట్స్ వైద్య కళాశాలలో చేరి 1925లో డాక్టరై, మళ్లీ అక్కడికే వచ్చి కణితులను సూక్ష్మదర్శినిలో పరీక్షించే నిపుణురాలైంది. తీసినది ఏ రకం కణితో ఆమె చెప్పేది. ప్రతి రోగి ఫలితం ఆమె చిన్న నోటుపుస్తకంలో ఎక్కేది. 1938లో వచ్చిన మెనింజియోమాల గ్రంథం మీద కుషింగ్ పేరుతో పాటు ఆమె పేరు ఉంది. 313 మంది రోగుల చరిత్ర అందులో ఉంది. పైకి ఎముక గడ్డగా కనిపించిన ఎన్నో కేసుల గుట్టు ఆ పుస్తకం విప్పింది. 1944లో న్యూరోసర్జరీ పత్రిక మొదలైనప్పుడు తొలి సంపాదకురాలు ఆమే. మన బాలికల హాస్టల్ చెల్లెళ్లు కుషింగ్ పేరు మరిచినా ఈమె పేరు మరవకూడదు.

కుషింగ్‌ను దేవుణ్ణి చేయడం మా ఉద్దేశం కాదు. కింద పనిచేసే డాక్టర్లతో, నర్సులతో చాలా కటువుగా ఉండేవాడు. తప్పు చేస్తే అందరి ముందు మాటలతో కోసేవాడు. తన దగ్గర నేర్చుకుని తనంతవాడైన వాల్టర్ డాండీతో ఏళ్ల తరబడి మాటలు లేని పగ పెంచుకున్నాడు. ఇంటికి ఇచ్చిన సమయం తక్కువ, పిల్లల పెంపకమంతా భార్య కేథరిన్ మీదే పడింది. పైగా సిగరెట్లు విపరీతంగా కాల్చేవాడు. చివరి రోజుల్లో కాళ్లకు రక్తప్రసారం తగ్గి నడవలేని స్థితి వచ్చింది. ఎందరికో తలలు బాగుచేసిన డాక్టరు తన సిగరెట్‌ను మానలేకపోయాడు.

1931 ఏప్రిల్ 15న ఆయన రెండు వేలవ మెదడు కణితి ఆపరేషన్ చేశాడు. అప్పటికి ఆయన చేతిలో చనిపోయేవారి సంఖ్య నూటికి పదిమంది దరిదాపులకు వచ్చింది. 1932లో బ్రిగమ్ ఆసుపత్రి నుంచి పదవీ విరమణ చేశాడు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వల్ల వచ్చే ఒక జబ్బును అదే ఏడాది వివరించాడు. దానికి ఈనాటికీ కుషింగ్ జబ్బు అనే పేరు. తరువాత తాను చదివిన యేల్‌కే ఆచార్యుడిగా వెళ్లాడు. 1939 అక్టోబర్ 7న గుండెజబ్బుతో కన్నుమూశాడు. శవపరీక్షలో ఆయన మెదడు మధ్యలో ఒక సెంటీమీటరంత నీటిబుడగలాంటి కణితి కనిపించింది. అది కూడా క్యాన్సరు కానిదే.

ఆయన దగ్గర కొంతకాలం పనిచేసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ కెనడాలోని మాంట్రియల్‌లో పెద్ద సంస్థ స్థాపించాడు. అక్కడ శిక్షణ పొందిన జేకబ్ చాందీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మన దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని ప్రారంభించాడు. చిత్తూరు వైపు నుంచి వేలూరు బస్సెక్కిన ఎన్నో తెలుగు కుటుంబాలకు ఆ విభాగం తెలుసు. ఇప్పుడైతే విశాఖ కేజీహెచ్‌లో, హైదరాబాదు నిమ్స్‌లో, ఉస్మానియాలో, గాంధీలో ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లకార్డు ఉన్న ఇంటికి కూడా ఆ తలుపు తెరుచుకుంది. మన విద్యార్థుల ఇళ్లలో ఎవరికైనా తల మీద గట్టి గడ్డ లేచినా, ఒక కన్ను ముందుకు వస్తున్నట్టు కనిపించినా, కొత్తగా మూర్ఛ వచ్చినా పసరు కట్లు కట్టించకుండా ముందు ఒక ఎక్స్‌రేనో స్కానో తీయించమని మేము కోరుతున్నాం.

చివరగా ఆ సీసాల సంగతి. కుషింగ్ దాచిన వందలాది మెదళ్లు, కణితులు, వేల ఫొటోలు ఆయనతో పాటే యేల్‌కు చేరాయి. ఐజెన్‌హార్ట్ ఉన్నంతకాలం వాటిని చూసుకుంది. తరువాత పట్టించుకునేవారు లేక, వాటిని తీసుకెళ్లి ఒక భవనం నేలమాళిగలో పడేశారు. ఆ భవనం వైద్య విద్యార్థుల హాస్టల్. పైన విద్యార్థులు తింటూ, చదువుకుంటూ, నిద్రపోతూ ఉంటే కింద చీకట్లో దుమ్ము పట్టిన సీసాలలో జనరల్ వుడ్ మెదడు కూడా ఉంది. 1990 దశకంలో కొందరు కుర్రాళ్లు రాత్రిపూట కిందికి దిగి వాటిని కనుగొన్నారు. ఒకరి తరువాత ఒకరు చూసి రావడం ఆ హాస్టల్లో ఆనవాయితీ అయింది. వెళ్లివచ్చినవారు తమకు తాము ఒక సంఘం పేరు పెట్టుకుని, అక్కడే ఒక బోర్డు మీద పేర్లు రాసి వచ్చేవారు. ఒక విద్యార్థి వాటి మీదనే పరిశోధన వ్యాసం రాశాడు. ఆ తరువాత విశ్వవిద్యాలయం మేల్కొంది. సీసాలు కడిగి, ఫొటోలు సరిచేసి, గ్రంథాలయంలో కుషింగ్ సెంటర్ పేరుతో 2010లో అందరికీ చూపడం మొదలుపెట్టింది.